చింతపండుతో తోమిన ఖడ్గం

శంఖినీ నది పొంగి శంఖపురిలో ఏనుగుల సాలని ఊడ్చుకుపోయిన వరద ఉంది చూడండి, ఆ వరద తర్వాత రెండో ఏడు జరిగింది ఇది. ఆ దేశంలో సంవత్సరాల పేర్లు పురోహితులకి తప్ప ఎవరికీ గుర్తుండవు. ఏనుగుల వరద అంటే మాత్రం పాలమ్మే ముసలమ్మ కూడా వేళ్ళు మడిచి లెక్క చెబుతుంది.

ఆ ఏడు ఆషాఢంలో తూర్పు సముద్రం మీద ఒక ఓడ పోతోంది. ఓడవాళ్ళు కాక అందులో ముగ్గురున్నారు. ఒకడు శంఖపురి యువరాజు మేఘాంకుడు. రెండో మనిషి అతని అక్క హంసావళి. మూడోవాడు ఆయుధశాల కావలి బొర్రయ్య. బొర్రయ్య ఒళ్ళో పట్టుగుడ్డ చుట్టిన ఖడ్గం ఉంది. హంసావళి కుడికాలికి గొలుసు ఉంది.

గొలుసు సంగతి ముందు చెప్పాలి.

ధూమజంఘుడని ఒక మంత్రగాడు. వరద తీసిన బురదలోంచి మొలిచినట్టు ఒకనాడు కొలువుకి వచ్చి, హంసావళిని తనకిచ్చి పెళ్ళి చెయ్యమన్నాడు. రాజు నోరు తెరిచేలోగా ఆమే జవాబు చెప్పింది.

"నీ జడల్లో పేలు ఏరడానికి పదిమంది ఆడవాళ్ళు కావాలయ్యా. నేనొక్కదాన్ని చాలను, పో."

కొలువంతా నవ్వింది. మంత్రగాడు నవ్వలేదు. అరచెయ్యి తిప్పాడు. అంతే. శంఖినిలోంచి ఒక నల్లటి గొలుసు పాములా పాక్కుంటూ వచ్చి, కోట మెట్లెక్కి, ఆమె కాలికి చుట్టుకుంది. రెండో కొస నీళ్ళలోనే ఉండిపోయింది. ఆమెని ఏటికి దూరంగా తీసుకుపోతే అది బావిలోకి దిగేది. మేడమీద దాస్తే స్నానాల తొట్టిలోకి దిగేది. నీళ్ళు పోటెత్తినప్పుడల్లా ఒక్కో లంకెని లోపలికి లాక్కునేది. పోయిన లంకె తిరిగి రాదు. ఆఖరి లంకెతో మనిషీ పోతుంది.

కమ్మరులు వచ్చారు. సమ్మెటలు విరిగాయి. ఆకురాళ్ళు అరిగాయి. చివరికి తెల్లకెరటాన్ని బయటికి తీశారు.

తెల్లకెరటం అంటే ఉదయద్వీపపు హిమినాగాచార్యుడు కొలిమిలో కాచి కట్టిన ఖడ్గం. ఆయన కత్తుల్లో మూడింటి పేర్లు ఓడరేవుల్లో పిల్లలు కూడా చెబుతారు. ఒకటి పొగమంచు. ఒర తీస్తే నడివేసవిలో కూడా దాని మీద చెమ్మ పడుతుందట. రెండోది పిట్టరెక్క. దాన్ని ఝళిపిస్తే గాలికి కూడా తెలియదట. మూడోది ఈ తెల్లకెరటం. దాని అంచు పొడుగునా నురగ కట్టినట్టు ఒక తెల్లటి గీత ఉండేది. అల ఒడ్డుదాకా వచ్చి ఆగిపోయినట్టు ఉండేది. మేఘాంకుడి ముత్తాత ఆ ద్వీపపు ఓడని సుడిగుండంలోంచి లాగి కాపాడితే, ఆ మేలుకి బదులుగా వచ్చిన కత్తి అది. రాతిని వెన్నలా కోసేది.

ఆ కత్తితో గొలుసుని కొడితే ఖణేల్మని మోగింది. గొలుసుకి గీరు పడలేదు. కత్తి అంచే వంగింది. చూస్తే అంచున తెల్లగీత లేదు.

"గీత ఏదిరా?" అన్నాడు రాజు.

బొర్రయ్య బిక్కమొహం వేశాడు. వరదలో ఆయుధశాల మునిగింది. కత్తులన్నీ తడిసి ముద్దయ్యాయి. కోట ముందు గాడిపొయ్యిలు తవ్వి, ఇళ్ళు పోయిన జనానికి పులిహోర వండుతున్నారు. అంత గొప్ప కత్తికి చెమ్మ తగిలితే పాపమని బొర్రయ్య దాన్ని గాడిపొయ్యి నిప్పుల మీద పరిచి ఆరబెట్టాడు. ఎర్రగా అయ్యేదాకా ఆరబెట్టాడు. తర్వాత పిడి ఊడదీసి, లోపల దూరి ఉండే కాడకి ముత్తాతల నాటి తుప్పు పట్టి ఉంటే, పులిహోరకి పిసికిన చింతపండు పిప్పితో, ఇటుకపొడితో అద్దంలా తోమాడు. తోమి బొట్టు కూడా పెట్టాడు.

కొలువులో ఒక ద్వీపపు వర్తకుడు ఉన్నాడు. అతను కత్తిని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "నిప్పుల మీద దీని ప్రాణం పోయింది. కట్టిన చెయ్యే మళ్ళీ కట్టాలి. ఆయన ఇంకా ఉన్నాడు. వయసు మాత్రం అడక్కండి."

అందుకని ఈ ప్రయాణం. బయల్దేరినప్పుడు గొలుసు ఏనుగుని కట్టేంత పొడవుంది. ఉదయద్వీపం కనబడేసరికి ఆవుని కట్టడానికి చాలనంత మిగిలింది.

ఏం ద్వీపం అది! నడిమధ్య ఒక కొండ, నెత్తిన మల్లెలు కుప్పపోసినట్టు మంచు. ఆ కొండ నడుముకి మేఘాల వడ్డాణం. దాని కింద ఎర్రాకుల చెట్లు, వసంతం చల్లుకుని అలిసిపోయి నిలబడ్డ పెళ్ళివారిలా ఉన్నాయి. ఇంకా కింద వెదురువనాలు, చిలకల గుంపు వాలినట్టు పచ్చగా. ఒడ్డున రాళ్ళన్నీ నూనె రాసినట్టు నిగనిగా నల్లగా ఉన్నాయి. తూర్పున పొడిచే సూర్యుడు ముందు ఆ దీవికి దణ్ణం పెట్టుకుని తర్వాతే మన దేశాలకి వస్తాడని ఓడవాళ్ళు అంటారు. చూస్తే నిజమేననిపిస్తుంది.

ఓడని రాళ్ళకి అవతలే నిలిపి, ముగ్గురూ చిన్న పడవలో ఒడ్డు చేరారు. ఒడ్డునే ఒక మహాసౌధం ఉంది. పగడాల స్తంభాలు, ముత్యాల తోరణాలు, లోపల బంగారు కొలిమి. కొలిమి తిత్తులు జింక తోలువి, వాటికి పచ్చలు పొదిగారు. గోడల నిండా వేల కత్తులు. ప్రతి కత్తి మీదా వేలెడంత అక్షరాలతో హిమినాగుడు, హిమినాగుడు అని చెక్కి ఉంది. నడుమ ఒక వృద్ధుడు, బొడ్డుదాకా వెండిగడ్డం, మెరిసే పట్టుబట్టలు.

"రండి, రండి. మీ కోసమే ఎదురు చూస్తున్నాను. తెల్లకెరటాన్ని ఇలా ఇవ్వండి. కన్నుమూసి తెరిచేలోగా కట్టి ఇస్తాను."

"అడగకుండానే అన్నీ తెలిశాయి! దేవుడు బాబూ, దేవుడు!" అని బొర్రయ్య చెంపలు వేసుకున్నాడు.

మేఘాంకుడు ఖడ్గం అందుకుని రెండు చేతులా చాచాడు. వృద్ధుడి వేళ్ళు పట్టుగుడ్డని తాకబోయాయి.

"తమ్ముడూ, ఇవ్వకు!" అని అరిచింది హంసావళి. "గొలుసు చూడు!"

ఎప్పుడూ నీళ్ళవైపు బిగదీసుకుని ఉండే గొలుసు ఇప్పుడు వదులైపోయింది. వదులై, నేలమీద పాక్కుంటూ వెళ్ళి, ఆ వృద్ధుడి పాదాల దగ్గర కొస ఊపుతోంది. యజమానిని చూసిన కుక్క తోక ఊపినట్టు.

మేఘాంకుడు చేతులు వెనక్కి లాక్కుని, ఒక్క తన్ను తన్నాడు. బంగారు కొలిమి బోర్లాపడింది. నిప్పులు వృద్ధుడి గడ్డం మీద పడ్డాయి. గడ్డం కాలి, దాని కింద జడలు, జడల కింద ధూమజంఘుడి మొహం బయటపడ్డాయి. మంత్రగాడు బొబ్బ పెట్టాడు. గోడల మీది వేల కత్తులు ఒక్కసారిగా లేచి తేనెటీగల్లా మీదికి వచ్చాయి.

"పరిగెత్తండి!"

పరిగెత్తారు. మేఘాంకుడు అక్కని భుజాన వేసుకున్నాడు. బొర్రయ్య పొట్ట చేత్తో పట్టుకున్నాడు. వెనక కత్తులు ఈలలేస్తూ వస్తున్నాయి. ఎదురుగా వెదురువనం. మనిషి దూరడమే కష్టం, అంత చిక్కగా ఉంది. బొర్రయ్య ఎలా దూరాడో ఇప్పటికీ తెలియదు. కత్తులు మాత్రం దూరలేకపోయాయి. వెదుళ్ళలో చిక్కుకుని గిలగిల కొట్టుకున్నాయి. కొట్టుకుని, కొట్టుకుని, చప్పబడి కిందపడ్డాయి. చూస్తే కత్తులు కావు. పొడుగాటి వెండిచేపలు. సౌధం ఉన్నచోట పొగ తప్ప ఏమీ లేదు.

బొర్రయ్య ఒక చేపని తోక పట్టుకుని ఎత్తాడు. "తాజాగానే ఉంది తల్లీ. పులుసు పెడితే…"

"ముందు నడువు," అంది హంసావళి. నవ్వు ఆపుకోలేకపోయింది.

గొలుసు మళ్ళీ బిగిసింది. పక్కన పారే వాగులోకి దిగింది. వాగు వెంబడే నడిచారు. వాగు మలుపు తిరిగి సముద్రంలో కలిసేచోట మట్టిగోడల పూరిల్లు ఒకటి కనబడింది. గుమ్మానికి మన మావిడితోరణంలా గడ్డితాడు కట్టి ఉంది. వాకిట్లో ఒక ముసలివాడు తెల్లబట్టలు కట్టుకుని, చెయ్యంత లావు ముల్లంగి దుంపలు కడుగుతున్నాడు. గోడమీద ఒక్క కత్తి లేదు. ఎక్కడా ఏ పేరూ లేదు.

గొలుసు అతన్ని పట్టించుకోలేదు. ఆ సంగతి ముగ్గురూ చూశారు.

"హిమినాగాచార్యులవారు…" అన్నాడు మేఘాంకుడు.

"చేతులు తడిగా ఉన్నాయి. కూర్చోండి," అన్నాడు ముసలివాడు. తరాలుగా ఓడవాళ్ళతో మాట్లాడి ఆయనకి మన మాట వచ్చింది. దుంపలన్నీ కడిగేదాకా లేవలేదు. తర్వాత చేతులు తుడుచుకుని ఖడ్గాన్ని తీసుకున్నాడు.

తీసుకోవడంలో ఒక పద్ధతి ఉంది. ముందు దానికి వంగి నమస్కారం పెట్టాడు. ఊపిరి దాని మీద పడకుండా నోటికి ఒక కాగితం ముక్క అడ్డం పెట్టుకున్నాడు. అంచు తనవైపు తిప్పుకున్నాడు. పిడికి ఉన్న వెదురుమేకు తట్టి తీసి, పిడి పట్టుకున్న తన మణికట్టు మీద గుద్దాడు. పిడి ఊడి వచ్చింది. కాడ బయటపడింది.

కాడ తళతళా మెరిసింది. మొహం చూసుకోవచ్చు.

ముసలివాడు నోట్లో కాగితం తీసేశాడు. మొహం ముడుచుకుపోయింది. పిడి మళ్ళీ పెట్టేసి కత్తిని బొర్రయ్య ఒళ్ళో పెట్టాడు.

"ఇది నాది కాదు. తీసుకుపొండి."

"మా ముత్తాతకి మీరిచ్చిందే," అన్నాడు మేఘాంకుడు.

"ఒంపు నాదే. ఒంపుని ఎవడైనా దొంగిలిస్తాడు. అంచున గీత లేదు. కాడకి తుప్పు లేదు. ఇంక దేన్ని చూసి నాదనుకోను? మా దేశంలో ఆ కాడని ఎవరూ ముట్టరు. తుప్పే కత్తి జాతకం. అది చూస్తే ఏనాటిదో, ఎవరిదో చెబుతాను."

"మీ పేరు చెక్కి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు కదా!"

"బిడ్డ నుదుట తండ్రి పేరు చెక్కుకుంటారా మీ దేశంలో?" అన్నాడు ముసలివాడు. "ధూమజంఘుడని ఒక మంత్రగాడు నా పదును కాజెయ్యాలని ఇప్పటికి ఎన్నో తెచ్చాడు. నావేనని, మళ్ళీ కట్టమని. ఒకసారి మోసపోయాను. పరాయి ఇనుముని నా పద్ధతిలో నీళ్ళలో ముంచితే నిలువునా పగిలింది. ముక్క ఎగిరి నా కన్ను తీసింది." అప్పుడు చూశారు, ఆయన ఎడమకన్ను కదలడం లేదు.

బొర్రయ్యకి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

"తుప్పు లేదంటే దొంగసొత్తా సామీ? మా ఊళ్ళో దేవుడి గంటని తోమకపోతే పాపం, పూజకత్తిని తోమకపోతే పాపం. నా తండ్రి తోమాడు, నేను తోమాను. ఇంతకాలం పిడి ఊడదియ్యడం తెలియక కాడ దాకా పోలేదు. ఆ వరద ఏడు తెలిసింది. తెలిసి కూడా మట్టి కొట్టుకుని ఉంచమంటారా? చింతపండు పెట్టి తోమాను. నా చేతులు మండేదాకా తోమాను. కావాలంటే ఈ చేతులు నరకండి. దొంగ అని మాత్రం అనకండి."

 వాగులో గొలుసు గల్లుమంది. మధ్యాహ్నానికి పోటు తగులుతుంది.

హంసావళి ముసలివాడికి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"తాతా, ధూమజంఘుడు తెచ్చిన కత్తులకి తుప్పు ఉందా?"

"ఉంది. మంచి తుప్పు. పులిసిన గంజిలో నానబెట్టి, వేడిబూడిదలో పాతిపెట్టి తెచ్చాడు. ముత్తాతల నాటిదంటే నమ్మాల్సిందే."

"మరి దొంగ అయినవాడు తుప్పు పుట్టించుకుని వస్తాడు. ఉన్న తుప్పు తోముకుని వచ్చేవాడు ఏమవుతాడు?"

ముసలివాడు ఆమెని చూశాడు. బొర్రయ్యని చూశాడు. బొర్రయ్య అరచేతులు చూశాడు.  పెదవులు వణికాయి. కోపమనుకున్నారు. కాదు. నవ్వు. ఎన్నేళ్ళ నాటి నవ్వో, దగ్గులా మొదలై, భుజాలు కుదుపుతూ వచ్చింది.

"వెర్రిబాగులవాడవుతాడు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "చింతపండు! నా కత్తికి చింతపండు! ఏ దొంగకీ ఈ బుద్ధి పుట్టదు." బొర్రయ్య భుజం తట్టాడు. "లేవయ్యా. తిత్తులు ఊదడం వచ్చా?"

"గాడిపొయ్యి ఊదడం వచ్చు సామీ."

"పొయ్యి మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకు."

అయినా ఆయన ఒక మాట చెప్పాడు. వీళ్ళు దొంగలు కాకపోవచ్చు. ఆ ముత్తాతనే ఎవడో మోసం చేసి ఉండొచ్చు. కత్తి తనది కాకపోతే నీళ్ళలో పగులుతుంది. పగిలితే ఇంకో కత్తి కట్టడానికి ఏడాది పడుతుంది. గొలుసు అంతకాలం ఆగదు.

"పగిలితే పగలనీ తాతా," అంది హంసావళి. "ముంచకపోయినా నేను మునిగేదాన్నే."

పని మొదలైంది. ముసలివాడు మళ్ళీ స్నానం చేసి వచ్చాడు. వంగిన అంచుని చెక్కసుత్తితో తట్టి సరిచేశాడు. బంకమట్టి, బొగ్గుపొడి, సానరాతి పొడి కలిపి ముద్ద చేశాడు. కత్తి వెన్నుకి మందంగా, అంచుకి పల్చగా పూశాడు. మందంగా ఉన్నచోట ఇనుము మెల్లగా చల్లారి మెత్తగా నిలుస్తుంది. పల్చగా ఉన్నచోట గబుక్కున చల్లారి గట్టిపడుతుంది. మెత్తదనం లేని కత్తి విరుగుతుంది, గట్టిదనం లేని కత్తి తెగదు. ఆ రెండూ కలిసేచోటే తెల్లగీత పుడుతుంది. తడి ఆరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మట్టమధ్యాహ్నం కిటికీలన్నీ మూసేశాడు. ఎండలో ఇనుము రంగు తెలియదు, సరైన రంగు రాకముందే ముంచితే గీత పుట్టదు. గుడిసె లోపల కటికచీకటి. కొలిమి ఒక్కటే బుసలు కొడుతోంది.

సరిగ్గా అప్పుడే పోటు వచ్చింది.

సముద్రం వాగులోకి ఎదురెక్కింది. గొలుసు ఒక్క గుంజు గుంజింది. వాకిట్లో కూర్చున్న హంసావళి బోర్లాపడి, బురదలో గీతలు గీసుకుంటూ నీళ్ళవైపు జారిపోయింది. మేఘాంకుడు ఎగిరి గొలుసు పట్టుకున్నాడు. కాళ్ళు రాళ్ళకి తన్ని పెట్టి వెనక్కి వాలాడు. అరచేతుల తోలు ఊడింది. ఒక లంకె పోయింది. ఇంకొకటి పోయింది. ముందెప్పుడూ ఇంత తొందర లేదు. ఓడిపోయినవాడికి తొందర ఎక్కువ.

"బొర్రయ్యా!"

బొర్రయ్య తిత్తులు వదిలి బయటికి దూకాడు. కొలిమి అప్పటికే అంటుకుంది, ఇక ఊదక్కర్లేదు. వచ్చి ఏం చెయ్యాలో తోచక గొలుసు మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నాడు. అదే మంచిదైంది. ఆ బరువుకి గొలుసు బురదలో దిగబడి కాస్త ఆగింది.

"తాతా! అయిందా?" అని కేక వేశాడు మేఘాంకుడు.

లోపలినుంచి ముసలివాడి గొంతు. "ఇంకా కాలేదు."

హంసావళి ఎలాగో లేచి నిలబడింది, నీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి. నడుముకి వచ్చాయి.

"తాతా, అక్క పోతోంది!"

"రంగు రాలేదు. ఇంకా కాలేదు."

అంతలో ఒక కేక. గుండెలు చీల్చే ఆడగొంతు. హంసావళి గొంతు. "ముంచెయ్యి తాతా! నీళ్ళు మెడ దాకా వచ్చాయి! కత్తిని ముంచెయ్యి! నన్ను చంపకు తాతా!"

మేఘాంకుడు ఉలిక్కిపడి అక్కవైపు చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు. హంసావళి తన కొంగుని ముద్దచేసి నోట్లో కుక్కుకుని ఉంది. తను అరిస్తే ముసలివాడికి చెయ్యి తొందరపడుతుందని, ముందే కుక్కుకుంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. నోటినుంచి చప్పుడు లేదు.

ఆ కేక నీళ్ళలోంచి వచ్చింది.

"అది మంత్రగాడి గొంతు తాతా!" అని అరిచాడు మేఘాంకుడు. "అక్క అరవలేదు! వినకు! నువ్వు ముంచకు!"

"ఎవరు అరిచినా ఒకటే," అంది లోపలి గొంతు, నింపాదిగా. "కేకలకి ఇనుము ఎర్రబడదు."

నీళ్ళలోంచి గొంతులు పెరిగాయి. మేఘాంకుడి గొంతుతో ఒకటి, బొర్రయ్య గొంతుతో ఒకటి. పసిపిల్ల గొంతుతో కూడా ఒకటి. ముంచు, ముంచు, ముంచు. ముసలివాడు ముంచలేదు. చీకట్లో కత్తి నల్లగా ఉండి, ముదురెరుపై, దోరజామపండు లోపలి రంగై, పంటకోతల నాటి చంద్రుడు పొడిచేటప్పటి రంగుకి వచ్చింది. అది. అదే. ఆ రంగు.

ముంచాడు.

బుస్సుమంది. గుడిసె కప్పు సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోనే ఉంది అంతా. కత్తి పగిలితే టింగుమని సన్నటి చప్పుడొస్తుంది. మేఘాంకుడు ఊపిరి బిగబట్టాడు. బొర్రయ్య కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళలో గొంతులు కూడా ఆగిపోయాయి. వాడూ వింటున్నాడు.

టింగుమనలేదు.

తలుపు విసురుగా తెరుచుకుంది. ఆ ముసలివాడు, వయసు అడగకూడని ముసలివాడు, పరిగెత్తుకుంటూ వచ్చాడు. తడిగుడ్డ చుట్టిన కాడ చేతిలో ఉంది. మట్టి పెళ్ళలు రాలుతున్నాయి. రాలినచోట అంచు మీద తెల్లగా ఏదో మెరుస్తోంది.

"పట్టు బాబూ!"

మేఘాంకుడు చెయ్యి తియ్యలేడు. తీస్తే అక్క పోతుంది. బొర్రయ్య లేవలేడు. లేస్తే ముగ్గురూ పోతారు.

హంసావళి నోట్లో కొంగు లాగేసింది. "ఇటివ్వు తాతా."

గుండెల్లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులా పట్టుకుని, కట్టెలు కొట్టేదానిలా ఒక్కటే వేటు వేసింది.

చప్పుడు కూడా రాలేదు. తామరతూడు తెగినట్టు తెగింది. కాలికున్న గొలుసు చుట్టు తుప్పై రాలి నీళ్ళలో కలిసిపోయింది. సముద్రం నడుమ ఎవరో కడుపులో పొడిచినట్టు ఒక మూలుగు, ఒక నల్లటి పొగ. ఆ పొగ మెలికలు తిరుగుతూ ఉత్తరంగా పోయింది. మేఘాంకుడి చేతుల్లో గొలుసు చచ్చిన పాములా వాలింది. అంత బలంగా లాగుతున్నవాడు వెల్లకిలా పడి బొర్రయ్య ఒళ్ళో తేలాడు.

 హంసావళి ఒడ్డుకి వచ్చి బురదలోనే కూర్చుంది. కుడికాలు చాపి చూసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"తేలిగ్గా ఉందిరా," అంది. "ఎగిరిపోతుందేమో అన్నంత తేలిగ్గా ఉంది."

మేఘాంకుడు రక్తం కారే చేత్తో అక్క పాదం పట్టుకుని కూర్చున్నాడు. బొర్రయ్య మాత్రం గట్టిగా, సిగ్గు లేకుండా, ఊరంతా వినేట్టు ఏడ్చాడు. ఎవరూ వద్దనలేదు.

సాయంత్రం ముసలివాడు కత్తిని తుడిచి, పడమటి ఎండకి పట్టి చూపించాడు. అంచు పొడుగునా కొత్త గీత. పాతదానిలా లేదు. పాతది ఒడ్డున ఆగిన అల. ఇది ఇంకా ఒడ్డుకి రాని అల. కాస్త గరుకుగా, కాస్త తుళ్ళిపడుతూ ఉంది.

"పాతది రాదు," అన్నాడు ముసలివాడు. "చచ్చి బతికింది కదా. మొహం మారుతుంది. కానీ నాదే. నీళ్ళలో పడగానే తెలిసింది."

అన్నం, ముల్లంగి, బొర్రయ్య తెచ్చిన వెండిచేప పెట్టాడు. చేప మంత్రాలది కాదు, మామూలు చేపే. బాగానే ఉంది. బొర్రయ్య తిని, నాలుక చప్పరించి, కాస్త పులుపు తగిలితే ఇంకా బాగుండేదన్నాడు. ముసలివాడు చురుగ్గా చూశాడు. బొర్రయ్య లెంపలు వేసుకున్నాడు. తర్వాత ముసలివాడే లోపలికి పోయి, ఒక చిన్న నూనెబుడ్డి, మెత్తటి గుడ్డ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అంచుకి ఇది రాయమన్నాడు. పిడి లోపలికి పోవద్దన్నాడు. తుప్పు వస్తే రానిమ్మన్నాడు.

"వచ్చినా చూడను సామీ."

"చూడు. ముట్టకు."

తెగిన గొలుసుని సముద్రంలోకి తోసెయ్యమంది హంసావళి. బొర్రయ్య ఒప్పుకోలేదు. ఇనుము పారేస్తే లక్ష్మి పోతుందట. తీసుకెళ్ళి ఒడ్డున పడవ కట్టే కొయ్యకి ముడేశాడు. ముసలివాడు దాన్ని చూసి ఒకటే మాట అన్నాడు. "గొలుసుకి రెండు కొసలుంటాయి. రెండోది ఎవరి కాలికి ఉందో." అని, పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ మాట మేఘాంకుడు విన్నాడో లేదో. అలిసిపోయి ఉన్నాడు. నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే లేచాడు. హంసావళి ఇంకా నిద్రపోతోంది. ఏడాదికి పైగా పోటుకి, పాటుకి లేచి కూర్చునే మనిషి. కాళ్ళు చాపుకుని, నోరు తెరుచుకుని, గురక కూడా పెడుతోంది. చూసి నవ్వుకుని, చప్పుడు కాకుండా బయటికి వచ్చాడు. మొహం కడుక్కుందామని ఒడ్డుకి వెళ్ళాడు.

సముద్రం పళ్ళెంలో పోసినట్టు ఉంది. అల లేదు, గాలి లేదు. పడవకొయ్య దగ్గర గొలుసు కదిలింది.

మేఘాంకుడు దగ్గరికి వెళ్ళి చూశాడు. గొలుసు మెల్లగా బిగిసింది. వదులైంది. మళ్ళీ బిగిసింది. మంత్రగాడి గుంజుడు తనకి తెలుసు. అరచేతుల్లో ఇంకా మంట ఉంది. ఇది అది కాదు. బావిలో పడ్డవాళ్ళు చేద తాడు ఊపి చూస్తారే, పైన ఎవరైనా ఉన్నారా అని. అలా ఉంది.

తలపాగా విప్పి రెండు ముక్కలు చేసి అరచేతులకి చుట్టుకున్నాడు. వంగి గొలుసు అందుకున్నాడు. ఉన్నానని చెప్పడానికి ఒకసారి ఊపాడు.

అవతలినుంచి గబగబా ఊపారు.

కాళ్ళు రాయికి తన్ని పెట్టి, లాగడం మొదలుపెట్టాడు.